తిరిగే రాట్నం

లలితకళలలో కవిత్వానికీ సంగీతానికీ కాలం పుట్టుకతో వచ్చిన ఆస్తి. పద్యం మొదటి పాదంతో ఆరంభమై నాలుగవ పాదంతో ముగుస్తుంది. రాగం ఆలాపనతో మొదలై క్రమక్రమంగా విప్పారుతుంది. చిత్రలేఖనానికి ఆ ఆస్తి లేదు. శ్రీరాముడు అడవికి నడిచి వెళ్ళాడని కవి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోగలడు. నడుస్తున్న రాముణ్ణి చిత్రించే వానికి ఆ వెసులుబాటు లేదు. అతడు గీసిన పాదం ఎత్తిన చోటనే ఉంటుంది. వంద సంవత్సరాల తరువాత చూచినా నేలకు దిగదు. కదలని పటం మీద కదిలే కాలాన్ని నిలపడం ఎట్లా అన్న ప్రశ్నకు దేశదేశాల చిత్రకారులు అనేక విధాలుగా సమాధానం వెదికారు. ఆ సమాధానాలలో ఒకటి చాలా సాధారణంగా కనిపిస్తుంది: కుంచెను వదులుగా విడవడం.

'వదులు' అన్న మాటను మనం సాధారణంగా మెచ్చుకోలుగా వాడము. మన ఆలంకారికులు సైతం బంధశైథిల్యాన్ని మెచ్చలేదు; శైథిల్యం అంటని కూర్పునే దండి శ్లేషమనే గుణంగా చెప్పాడు. చిత్రకళలో కూడ చాలాకాలం అటువంటి అభిప్రాయమే ఉండేది. కుంచె జాడ కనిపించకుండ, రంగులు ఒకదానిలో ఒకటి కరిగిపోయి, అద్దంవలె నునుపుగా ఉన్న పటమే పూర్తి అయిన పటం. గీతలు విడివిడిగా కనిపిస్తే, అంచులు చెదరి ఉంటే, కొన్నిచోట్ల కింది పూత బయటపడుతూ ఉంటే అది తొందరపాటు, లేదా అశ్రద్ధ. ఈ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో ఒక్క చిత్రాన్ని ఆధారంగా తీసికొని పరిశీలిద్దాం.

స్పెయిన్ దేశపు రాజధాని మాడ్రిడ్‌లో ప్రాడో అనే ప్రసిద్ధ చిత్రశాల ఉన్నది. అందులో డియెగో వెలాస్కెజ్ చిత్రించిన నూనెరంగుల పటం ఒకటి ఉన్నది. స్పానిష్ భాషలో దానిని 'లాస్ ఇలాందేరాస్' అంటారు. 'వడికే స్త్రీలు' అని అర్థం. చిత్రకారుడు గీసినంత మేరకు అది సుమారు ఒకటిన్నర మీటర్లకు మించిన ఎత్తు, రెండున్నర మీటర్ల వెడల్పు కలది. రచనాకాలం 1655-1660 మధ్య అని పండితుల నిర్ణయం. నేను దీనిని మొదటిసారి విద్యార్థిగా ఉన్న రోజులలో, గ్రంథాలయంలోని ఒక పాత పుస్తకంలో, అరచేయంత అచ్చుబొమ్మగా చూచాను. ఎడమవైపున రాట్నం దగ్గర అచ్చు చెదిరిందని అనుకొన్నాను. పుట తిప్పేశాను. చెదిరింది అచ్చు కాదని తెలియడానికి నాకు కొన్ని సంవత్సరాలు పట్టింది.

చిత్రంలో ముందుభాగమంతా పనిచేసే గది. వెలుతురు తక్కువ. ఐదుగురు స్త్రీలు ఉన్ని పనిలో ఉన్నారు. ఎడమవైపున తలకు తెల్లని వస్త్రం చుట్టుకొన్న వృద్ధురాలు రాట్నం తిప్పుతున్నది. ఆమె వెనుక మరొక స్త్రీ ఎర్రని తెరను పక్కకు లాగుతున్నది. నడుమ ఒకతె నేలపై వంగి ఉన్నిని సవరిస్తున్నది. ఆమె ముఖం నీడలో దాదాపు కనుముక్కు తీరు లేని ఒక మరక మాత్రమే. కుడివైపున తెల్లని రవికె తొడిగిన యువతి మనకు వీపు చూపుతూ దారాన్ని ఉండగా చుడుతున్నది. ఆమె పక్కనే ఒక బాలిక బుట్టతో వస్తున్నది. నేలమీద ఒక పిల్లి, చెదరిన ఉన్ని తునకలు. వీటన్నిటికీ వెనుక, రెండు మెట్లు ఎక్కితే చేరగల వేదికవంటి మరొక గది ఉన్నది. అక్కడ మాత్రం ఎక్కడినుండో వెలుతురు జలపాతంవలె పడుతున్నది. విలువైన దుస్తులు ధరించిన స్త్రీలు అక్కడ నిలిచి ఉన్నారు. గోడకు చిత్రాలు నేసిన పెద్ద కంబళి వేలాడుతున్నది.

ముందుగా రాట్నం సంగతి చూద్దాం. మన ఇళ్ళలో రాట్నం ఆడిన కాలం గడచిపోయింది కాని, సైకిలు చక్రాన్ని గాలిలోకి ఎత్తి గట్టిగా తిప్పని విద్యార్థి ఉండడు. నిలిచి ఉన్నప్పుడు ప్రతి ఆకూ లెక్కించవచ్చు. తిరగడం మొదలుపెట్టగానే ఆకులు మాయమవుతాయి. వాటికి బదులు పలుచని బూడిదరంగు పొర ఒకటి, దానిలో వెలుగు రేఖలు కొన్ని కనిపిస్తాయి; చక్రం వెనుకనున్న గోడ కూడ ఆ పొరగుండా అగపడుతుంది. ఆకు ఒక చోటు విడిచి వెళ్ళినా దాని ముద్ర కంటిలో క్షణకాలం నిలిచి ఉంటుంది. అంతలో మరొక ఆకు ఆ చోటికి వస్తుంది. కనుక కన్ను ఆకులను చూడదు, వాటి వేగాన్ని చూస్తుంది. వెలాస్కెజ్ చేసింది ఇదే. అతడు ఆకులను గీయలేదు. పలుచని రంగును వలయాకారంగా లాగి, దానిపై రెండుమూడు తెల్లని మెరుపులు విదిల్చి విడిచిపెట్టాడు. రాట్నం తిరుగుతున్నది. అతనికి ముందు కాలంలో చక్రాలను గీసినవారు సాధారణంగా ప్రతి ఆకునూ లెక్క తప్పకుండ గీశారు. అవి చక్కని చక్రాలే కాని తిరగవు.

ఛాయాగ్రహణం లోకానికి తెలిసింది 1839లో. కదిలే వస్తువు ఛాయాచిత్రంలో అలుక్కుపోయినట్లు పడుతుందని మనకు ఇప్పుడు బాగా తెలుసు. తిరిగే పంఖాను ఫోటో తీసిన ప్రతివాడికీ అది అనుభవమే. వెలాస్కెజ్‌కు అటువంటి యంత్రసహాయం ఏదీ లేదు. దాదాపు రెండు శతాబ్దాలకు ముందే అతడు కేవలం కంటిని నమ్మి ఆ పని చేశాడు. 'చక్రానికి ఆకులుంటాయి' అని బుద్ధి చెబుతుంది. 'నాకు కనిపించడం లేదు' అని కన్ను చెబుతుంది. బుద్ధి మాట విన్న చిత్రకారుడు ఉన్నదానిని గీస్తాడు. కన్ను మాట విన్నవాడు అగపడినదానిని గీస్తాడు. వదులు కుంచె మొదటి రహస్యం ఇక్కడ ఉన్నది.

రాట్నం ఒక్కటే కాదు. కుడివైపు యువతి ఎడమ చేతిని గమనించండి. దారం పట్టిన ఆ చేతి వ్రేళ్ళు విడివిడిగా తెలియవు. ఒక లేత రంగు కదలిక మాత్రమే కనబడుతుంది. ఆమె మెడ, భుజం మాత్రం స్పష్టంగా, నిండుగా ఉన్నాయి. పనిచేస్తున్నప్పుడు భుజం నిలకడగా ఉండి చేయి ఆడుతుంది కదా! ఏది నిలిచి ఉన్నదో అది బిగువుగాను, ఏది కదులుతున్నదో అది వదులుగాను చిత్రింపబడింది. పటమంతటా ఒకే విధమైన వదులు ఉంటే అది అశ్రద్ధ అయ్యేది. అవసరమైన చోటనే సడలించడం ఎంతో అదుపున్న చేతికి గాని సాధ్యం కాదు.

ఇదే చిత్రకారుడు పందొమ్మిదేళ్ళ ప్రాయంలో, తన స్వస్థలమైన సెవిల్‌లో, 1618లో గీసిన ఒక పటం ఇప్పుడు ఎడింబరోలో ఉన్నది. అందులో ఒక ముసలమ్మ మట్టిపాత్రలో గ్రుడ్లు వేయిస్తున్నది. ఇత్తడి పాత్ర తళుకు, కత్తి వేసిన నీడ, ఉల్లిపాయ పొర అన్నీ చేతితో ముట్టుకొనవచ్చునా అన్నంత స్పష్టంగా ఉంటాయి. గ్రుడ్డు తెల్లసొన అంచు అప్పుడప్పుడే గట్టిపడుతూ తెల్లబడుతున్న క్షణాన్ని పట్టుకొన్నాడు. అది కూడ కాలాన్ని పట్టడమే. కాని అక్కడ కాలం ఆగిపోయింది. ఆ గ్రుడ్డు నాలుగు వందల సంవత్సరాలుగా సగమే ఉడికి ఉన్నది. రాట్నం దగ్గర కాలం ఆగలేదు. బిగువు కుంచె క్షణాన్ని నిలిపింది, వదులు కుంచె దానిని నడిపించింది. ఈ రెండు పటాల మధ్య సుమారు నలభై సంవత్సరాల సాధన ఉన్నది. బిగువుగా గీయడం చేతకాక వదులుగా గీశాడని ఎవరైనా అంటే ఆ గ్రుడ్ల పటాన్ని చూపితే చాలు.

ఆ నలభై సంవత్సరాలలో అతనికి ఈ విద్య ఎవరివద్ద లభించింది? 1623లో వెలాస్కెజ్ నాలుగవ ఫిలిప్ రాజుకు ఆస్థాన చిత్రకారుడయ్యాడు. రాజప్రాసాదంలో అతనికి దొరికిన గొప్ప గురువు అప్పటికి మరణించి దాదాపు అర్ధ శతాబ్దమయింది. ఆ గురువు ఇటలీలోని వెనిస్ నగరవాసి టిషన్. 1576లో మరణించిన టిషన్ తన జీవితం చివరిభాగంలో స్పెయిన్ రాజైన రెండవ ఫిలిప్ కోసం గ్రీకు, రోమన్ పురాణకథలను పెద్ద పెద్ద పటాలుగా చిత్రించి పంపాడు. ఆ పటాలను అతడే 'కవితలు' అని పిలిచేవాడు. సాహిత్య విద్యార్థులకు ఈ పేరు ఆసక్తి కలిగిస్తుంది. అవి రాజుగారి సంపదగా మాడ్రిడ్‌లో ఉండిపోయాయి.

టిషన్ కుంచె వదులు కావడానికి వయస్సు ఒక్కటే కారణం కాదు. వెనిస్ సముద్రం మీద నిలిచిన నగరం. తేమకు చెక్క పలకలు వంగిపోతాయి, గోడచిత్రాలు రాలిపోతాయి. ఓడల తెరచాపలకు వాడే గట్టి గుడ్డకు మాత్రం అక్కడ కొదవ లేదు. అందుచేత వెనిస్ చిత్రకారులు పలకలను విడిచి ముతక కాన్వాసు పట్టారు. నున్నని పలక మీద కుంచె జారిపోతుంది. ముతక గుడ్డ మీద తడబడుతుంది. చిక్కని రంగు నింపిన కుంచెను దానిపై పొడిగా లాగినప్పుడు రంగు నేతలోని ఎత్తు పోగులకు మాత్రమే అంటుకొని, పల్లపు చోట్లలో కింది పూత కనిపిస్తూ ఉంటుంది. గీత తునకలు తునకలుగా పడుతుంది. మరొకరైతే దానిని లోపమనుకొని సరిదిద్దేవారు. టిషన్ దానిని సాధనంగా మలచుకొన్నాడు. 1566లో వెనిస్ వెళ్ళి అతనిని కలిసిన వసారి అనే చరిత్రకారుడు, ఆ చివరి పటాలను దగ్గరగా చూస్తే ఏమీ తెలియదని, దూరంగా నిలిచి చూస్తే అవి పరిపూర్ణంగా కనిపిస్తాయని వ్రాశాడు. అందులో శ్రమ లేదనుకొని అనుకరించబోయిన వారు పొరపడ్డారని కూడ హెచ్చరించాడు. ముగింపు దశలో టిషన్ కుంచెకంటె వ్రేళ్ళతోనే ఎక్కువగా రంగు అద్దేవాడని అతని శిష్యుడొకరు చెప్పిన మాట తరువాతి గ్రంథాలలో నిలిచింది.

దగ్గరగా మరకలు, దూరంగా రూపాలు. అంటే చిత్రాన్ని పూర్తి చేసేది చిత్రకారుని చేయి మాత్రమే కాదు, చూపరి కన్ను కూడ. కాశ్మీర దేశీయుడైన ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలో ధ్వనిని కావ్యానికి ఆత్మగా ప్రతిపాదించినప్పుడు చెప్పినది ఇంచుమించు ఇటువంటిదే: వాచ్యంగా చెప్పినదానికంటె సహృదయునికి స్ఫురింపజేసినది అందం. రాట్నపు ఆకులు వాచ్యం కావు; అవి ధ్వనిస్తాయి. ఈ పోలికను మరీ దూరం లాగడం మంచిది కాదు. టిషన్‌కు ఆనందవర్ధనుడు తెలియడు, వెలాస్కెజ్‌కు అంతకంటె తెలియడు. కాని చదువరిని సగం పనిలో భాగస్వామిని చేయడం అనే విషయం మనకు కొత్త కాదని గుర్తు చేయడానికి ఇది పనికివస్తుంది.

వెలాస్కెజ్‌కు టిషన్ పటాలపట్ల కళ్ళు తెరిపించిన వారిలో రూబెన్స్ ఒకడు. ఫ్లాండర్స్ దేశానికి చెందిన ఈ మహాచిత్రకారుడు 1628-29లో రాయబార కార్యం మీద మాడ్రిడ్ వచ్చి, ఎన్నో నెలలు అక్కడ గడిపాడు. అప్పటికి యాభై దాటిన వయస్సు, ఐరోపా అంతటా కీర్తి. అయినా ఖాళీ దొరికినప్పుడల్లా చిన్న విద్యార్థివలె టిషన్ పటాల ముందు కూర్చుండి వాటికి ప్రతులు తీసేవాడు. అలా ప్రతి తీసినవాటిలో 'యూరోపా అపహరణ' ఒకటి. టిషన్ దానిని 1559-1562 మధ్య చిత్రించాడు. దేవతల రాజైన జూపిటర్ తెల్లని వృషభ రూపంలో వచ్చి యూరోపా అనే రాజకుమారిని వీపుపై ఎక్కించుకొని సముద్రంలోనికి ఈదుకొనిపోయే ఘట్టం అది. ఇరవై తొమ్మిదేళ్ళ వెలాస్కెజ్ ఆ సమయంలో రూబెన్స్‌తో సన్నిహితంగా మెలగాడు. మరుసటి సంవత్సరమే ఇటలీకి ప్రయాణమయ్యాడు.

ఇప్పుడు మన పటంలోని వెనుక గదిలోనికి వెళదాం. అక్కడ కంబళి మీద నేసిన బొమ్మ ఏది? ఆకాశంలో చిన్న మన్మథులు, నీలపు నీరు, వృషభం వీపుపై ఒరిగిన స్త్రీ, గాలికి ఎగిరే వస్త్రం. అది టిషన్ యూరోపాయే. వెలాస్కెజ్ ఆ పెద్ద పటాన్ని వెనుక గోడమీద కొద్దిపాటి లేత మరకలుగా కుదించి వేశాడు. దగ్గరకు పోయి చూస్తే నీలి, గులాబి, బూడిద రంగుల గజిబిజి. రెండు బారలు వెనక్కు జరిగితే వృషభం ఈదుతుంది.

ఆ బొమ్మ అక్కడ ఎందుకున్నదో తెలియడానికి ఒక కథ తెలియాలి. రోమన్ కవి ఓవిడ్ తన 'మెటమార్ఫసిస్' కావ్యంలో ఆరవ ఆశ్వాసం వంటి భాగంలో దానిని చెప్పాడు. లిడియా దేశంలో అరక్నే అనే అద్దకపువాని కూతురు ఉండేది. నేతపనిలో ఆమెకు సాటి లేదు. ఆ విద్య మినర్వా దేవి ప్రసాదమని లోకులంటే ఆమె ఒప్పుకొనలేదు. దేవినే పోటీకి పిలిచింది. మినర్వా వృద్ధురాలి వేషంలో వచ్చి బుద్ధి చెప్పింది. అరక్నే వినలేదు. రెండు మగ్గాలు వెలిశాయి. దేవి తన కంబళిలో దేవతల మహిమలను నేసింది. అరక్నే దేవతల మోసాలను నేసింది. ఆమె నేసిన మొదటి దృశ్యమే వృషభరూపం ధరించిన జూపిటర్ చేతిలో మోసపోయిన యూరోపా. ఆ నేతలో తప్పు పట్టడానికి దేవికి కూడ ఏమీ దొరకలేదు. కోపంతో కంబళిని చించి, చేతిలోని నాడెతో అరక్నే నుదుటిపై కొట్టింది. అవమానం భరించలేక ఉరిపోసికొన్న ఆ పిల్లను చివరకు సాలెపురుగుగా మార్చింది. మన భాషలో ఆ పురుగు పేరులోనే 'సాలె' ఉన్నది. లిడియా కథ తెలియని మన పూర్వులు కూడ ఆ ప్రాణిని నేతగత్తెగానే గుర్తించారు.

వెనుక గదిలో శిరస్త్రాణం ధరించి చేయి ఎత్తినది మినర్వా. ఆమె ఎదుట నిలిచినది అరక్నే. ముందు గదిలో రాట్నం తిప్పే వృద్ధురాలు మారువేషంలోని మినర్వా అని, వీపు చూపే యువతి అరక్నే అని చాలామంది వ్యాఖ్యానిస్తారు. ఇది నిజమైతే ఒకే పటంలో కథలోని రెండు ఘట్టాలు ఉన్నట్లే: ముందు పోటీ, వెనుక తీర్పు. అందరూ ఈ వ్యాఖ్యానాన్ని అంగీకరించరు. నాకు మాత్రం ఇది సరియైనదిగానే తోస్తుంది. విచిత్రమేమంటే ఈ కథాంశాన్నే లోకం చాలాకాలం మరచిపోయింది. కంబళ్ళ కార్ఖానాలోని పనివారల దృశ్యంగానే దీనిని రెండు శతాబ్దాల పాటు భావించారు. పెద్రో దె ఆర్సె అనే రాజోద్యోగి ఇంటి సామగ్రికి 1664లో వ్రాసిన జాబితాలో వెలాస్కెజ్ చిత్రించిన 'అరక్నే కథ' అనే పటం ఉన్నట్లు 1948లో బయటపడింది. అదే కాలంలో అంగూలో అనే పండితుడు పటంలోని ఆధారాలతోనే ఈ కథను గుర్తించాడు. వెనుక గదిని అంత వదులుగా గీయకపోతే శిరస్త్రాణాన్ని చూచి ఎవరైనా ముందే పోల్చుకొనేవారేమో!

యూరోపా బొమ్మను అరక్నే మగ్గం మీద నేసినట్లు చూపడంలో వెలాస్కెజ్ ఏమంటున్నాడు? దేవతలు సైతం తప్పు పట్టలేని నేత అరక్నేది. ఆ నేత స్థానంలో అతడు టిషన్ పటాన్ని నిలిపాడు. ఇంతకంటె గొప్పగా గురువును స్తుతించడం సాధ్యమా? అంతేకాదు, స్తుతించిన తీరు చూడండి. రూబెన్స్ ప్రతి తీసినప్పుడు టిషన్ బొమ్మను తీసుకొన్నాడు. వెలాస్కెజ్ బొమ్మను మసకపరచి, టిషన్ చేతిని తీసుకొన్నాడు. ఎఱ్ఱన అరణ్యపర్వ శేషాన్ని పూరించినప్పుడు నన్నయ శైలితో ఆరంభించి తిక్కన శైలికి చేరాడని మనం చదువుకొన్నాం. అక్కడ పూర్వకవుల ప్రభావం కథలో లేదు, పద్యం నడకలో ఉన్నది. ఇక్కడ కూడ అంతే. ప్రభావం వృషభంలో కంటె, వృషభాన్ని వేసిన కుంచె నడకలో ఎక్కువగా ఉన్నది.

ఈ పటం గీసే కాలానికి వెలాస్కెజ్ స్వంత జీవితంలో ఒక సంకటం నడుస్తున్నది. శాంటియాగో వీరసంఘంలో సభ్యత్వం పొందాలని అతని కోరిక. అది ఉన్నతవంశీయులకు మాత్రమే దక్కే గౌరవం. చేతిపనితో పొట్టపోసికొనే వారికి అందులో ప్రవేశం లేదు. చిత్రలేఖనం చేతిపని అని ఆ కాలపు సామాన్యాభిప్రాయం. విచారణ జరిపారు. వందకు మించిన సాక్షులను పిలిచారు. వెలాస్కెజ్ చిత్రాలు అమ్మి జీవించలేదని, రాజు సంతోషం కోసమే గీశాడని స్నేహితులు సాక్ష్యం చెప్పారు. అయినా వంశగౌరవం రుజువు కాలేదు. చివరకు పోప్ అనుమతితో, రాజు పూనికతో 1659 నవంబరులో ఆ గౌరవం లభించింది. మరుసటి ఆగస్టులో అతడు మరణించాడు. తాను చేతిపనివాడను కానని రుజువు చేసుకొనవలసి వచ్చిన మనిషి, ఇంచుమించు ఆ సంవత్సరాలలోనే, చేతులతో పనిచేసే ఐదుగురు స్త్రీలను పటం ముందుభాగంలో నిలువెత్తుగా నిలిపాడు. విలువైన దుస్తులవారిని వెనుకకు నెట్టాడు. మిగిలిన సంగతి పాఠకులు ఊహించుకొనవచ్చు.

వెలాస్కెజ్ తరువాత ఈ వారసత్వం చాలాకాలం రాజప్రాసాదపు గోడల మధ్యనే ఉండిపోయింది. 1819లో ప్రాడో ప్రజలకు తెరుచుకొన్న తరువాత గాని పరదేశ చిత్రకారులకు అది సులభంగా అందలేదు. ఫ్రెంచి చిత్రకారుడు మానె 1865లో మాడ్రిడ్ వెళ్ళి, వెలాస్కెజ్ చిత్రకారులకే చిత్రకారుడని మిత్రునికి ఉత్తరం వ్రాశాడు. తిరిగి వచ్చి పిల్లనగ్రోవి ఊదే ఒక బాలుని పటం గీశాడు. వెనుక గోడ లేదు, నేల అంచు లేదు. గాలి మాత్రమే ఉన్నది. పారిస్ ప్రదర్శన న్యాయనిర్ణేతలు 1866లో దానిని తిరస్కరించారు. మానె స్నేహితుడు మోనె కాలాన్ని మరింత నేరుగా పట్టుకొన్నాడు. 1890-91లో గడ్డివాములను, ఆ తరువాత రువాన్ నగరపు ప్రార్థనామందిరాన్ని అనేక పటాలుగా చిత్రించాడు. పక్కన ఎన్నో కాన్వాసులు పెట్టుకొని, ఎండ మారినప్పుడల్లా ఒకదానిని విడిచి మరొకదానిని అందుకొనేవాడు. ప్రార్థనామందిరం రాతి కట్టడం, అది కదలదు. దానిమీది వెలుగు కదులుతుంది. వెలాస్కెజ్ రాట్నం తిరిగే క్షణాన్ని చూపితే, మోనె సూర్యుడు తిరిగే దినాన్ని చూపాడు. ఈ మోనె 1904లో, అరవై మూడేళ్ళ వయస్సులో, వెలాస్కెజ్ పటాలను చూడడానికి మాడ్రిడ్ ప్రయాణం చేశాడు.

కాలం చిత్రంలో ఉండడమే కాక చిత్రం మీద కూడ పనిచేస్తుంది. నూనెరంగులు ఏళ్ళు గడచిన కొద్దీ కొంత పారదర్శకమవుతాయి. వెలాస్కెజ్ ముందుగా గీసి, నచ్చక, పైన పూత వేసి దిద్దినవి నెమ్మదిగా పైకి తేలుతాయి. గుర్రంపై కూర్చున్న నాలుగవ ఫిలిప్ పటంలో గుర్రానికి ఉండవలసిన వాటికంటె ఎక్కువ కాళ్ళు మసకగా కనిపించేది ఇందుకే. చిత్రకారుని మనస్సు మారిన క్షణం మూడు శతాబ్దాల తరువాత మనకు బయటపడుతున్నది. 'వడికే స్త్రీలు' పటానికి మరొక విధమైన మార్పు కలిగింది. 1734లో మాడ్రిడ్ రాజప్రాసాదం కాలిపోయినప్పుడు ఇది దెబ్బతిన్నదని భావిస్తారు. పద్ధెనిమిదవ శతాబ్దిలో ఎవరో పైన సుమారు అర మీటరు, పక్కలకు కొంత గుడ్డ అతికి, ఎత్తైన కప్పును, కమానును గీశారు. ఆ అతుకులతో వెనుక గది మరింత దూరమయింది. తరతరాలవారు పటాన్ని ఆ రూపంలోనే చూశారు. 2021లో ప్రాడో అధికారులు అతుకులను తొలగించకుండ, వాటిని కప్పివేసే కొత్త చట్రాన్ని అమర్చారు. ఇప్పుడు చూపరులకు కనిపించేది వెలాస్కెజ్ గీసినంత మేరకే. కప్పు కిందికి దిగింది, స్త్రీలు ముందుకు వచ్చారు.

టిషన్ అసలు పటం ఇప్పుడు మాడ్రిడ్‌లో లేదు. అది చేతులు మారి 1896లో ఇసబెల్లా స్టీవర్ట్ గార్డ్‌నర్ అనే అమెరికా మహిళ కొనుగోలులో సముద్రం దాటింది. బోస్టన్‌లో ఆమె నెలకొల్పిన చిత్రశాలలో ఉన్నది. మాడ్రిడ్‌లో మిగిలినవి రూబెన్స్ తీసిన ప్రతి, అరక్నే కంబళి మీద వెలాస్కెజ్ వేసిన ఆ కొన్ని మరకలు. ప్రాడోలో అవి రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఎడమవైపున, ముసలామె చేతి కింద, రాట్నం తిరుగుతూనే ఉన్నది.